మా ఆయన ఊరుకోవడం నేర్చుకున్న ఏడాది

మా అమ్మాయిని ఎవరైనా "నీ పేరేంటమ్మా?" అని అడిగితే జవాబు మా ఆయన చెప్పేవారు. "ఎన్నేళ్ళు?" అంటే ఆయనే. "చాక్లెట్ తింటావా?" అంటే, "తినదండీ, పళ్ళు పాడవుతాయని వాళ్ళమ్మ ఒప్పుకోదు" అని నన్ను కూడా కలుపుకుని ఆయనే. పాప ఆయన మోకాలి వెనక నిలబడి, ప్యాంటు మడత పట్టుకుని వింటూ ఉండేది. ఆ ఏర్పాటు ఇద్దరికీ హాయిగానే ఉన్నట్టుండేది. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆయన మాటకారి. మేం జెర్సీ సిటీలో ఉన్నప్పుడు, లిఫ్ట్‌లో ఎక్కిన కొత్త మనిషి ఏ ఊరివాడో, ఏ కంపెనీలో పనిచేస్తాడో మా అంతస్తు వచ్చేలోపు కనుక్కునేవారు. తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక ప్రకటనలు చదివే పని ఎవరూ అప్పగించకుండానే ఆయన చేతికి వచ్చేది. అయిదు నిమిషాల ప్రకటనలు పావుగంట సాగేవి. వెనక బెంచీల్లో పిల్లలు నిద్రపోయేవారు.

తండ్రిగా ఆయనకి వంక పెట్టడానికి లేదు. పాప పుట్టాక ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచీ స్నానం చేయించింది ఆయనే. రెండు జడలు నాకంటే ఆయనే బాగా వేస్తారు. ఆఫీసుకి వెళ్ళే ట్రైన్‌లో కూర్చుని వీడియోలు చూసి నేర్చుకున్నారు. అందుకే చెడ్డ తండ్రి ఒకడు మంచివాడుగా మారాడని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మంచి తండ్రే ఇంకేదో అయ్యారు. ఆ ఇంకేదో ఏమిటా అని ఆ ఏడాదంతా ఆయన్ని గమనిస్తూ గడిపాను. నా ఉద్యోగం ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో. గాజు గొట్టంలో రంగు ఎప్పుడు మారుతుందా అని కళ్ళప్పగించి చూడటం నా పని. ఆ బుద్ధి ఇంటికొచ్చినా పోదు.

పాపకి అయిదేళ్ళు నిండిన వేసవిలో ఆయన ఉద్యోగం మారి మేం అమెరికాలోనే మోరిస్‌విల్ అనే ఊరికి వచ్చాం. ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేర్చాం. పొద్దున ఆయనే దింపేవారు. పాప ఏడవలేదు, మారాం చేయలేదు. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే స్కూలు కబుర్లు మొదలుపెట్టేది. ఎవరు ఎవరి క్రేయాన్ విరగ్గొట్టారో, టీచర్ కాఫీ కప్పు మీద ఏ బొమ్మ ఉందో, అన్నీ చెప్పేది. అక్టోబరు చివర్లో టీచర్ మమ్మల్ని పిలిచేదాకా మాకు ఏ అనుమానమూ రాలేదు.

ఆ టీచర్ జుట్టు నెరిసిన, నెమ్మదైన అమెరికన్ ఆవిడ. "మీ అమ్మాయికి ఇంగ్లిష్ అర్థమవుతుందా?" అని మొదలుపెట్టింది. అవుతుందన్నాం. "చెవులు పరీక్ష చేయించారా?" అంది. చేయించాం, బాగానే ఉన్నాయన్నాం. అప్పుడు ఆవిడ అసలు సంగతి చెప్పింది. స్కూలు మొదలైన దగ్గర్నుంచీ మా పాప అక్కడ ఒక్క మాట కూడా మాట్లాడలేదట. టీచర్‌తోనూ లేదు, పిల్లలతోనూ లేదు. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా అడగదట. ఎవరో ఒకరు గమనించి తీసుకెళ్ళాలట.

మా ఆయన నవ్వేశారు. "మా అమ్మాయా? ఇంట్లో ఒక్క నిమిషం ఆగదండీ" అంటూ ఫోన్ తీసి ఒక వీడియో చూపించారు. బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, తెలుగూ ఇంగ్లిషూ కలిపి మందలిస్తున్న వీడియో అది. టీచర్ ఒకసారి చూసి, మళ్ళీ పెట్టమంది. రెండోసారి చూస్తుంటే ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"తన గొంతు ఇలా ఉంటుందన్నమాట" అంది.

మా ఆయన నవ్వు ఆగిపోయింది. ఇంటికొచ్చేదాకా కారులో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. అది నాకు కొత్త.

మర్నాటి నుంచే ఆయన పని మొదలుపెట్టారు. ఫ్రిజ్ మీద స్టిక్కర్ల చార్టు వెలిసింది. టీచర్‌కి గుడ్ మార్నింగ్ చెబితే ఒక స్టిక్కర్, పది స్టిక్కర్లకి ఒక స్కూటర్. పొద్దున కారులో రిహార్సల్ జరిగేది. ఆయన టీచర్‌లా గొంతు మార్చి "గుడ్ మార్నింగ్" అంటే పాప గట్టిగా, నవ్వుతూ తిరిగి చెప్పేది. బడి గుమ్మం దగ్గర కారు దిగగానే దాని మొహం మీద ఏదో తలుపు మూసుకున్నట్టయ్యేది. పెదాలు బిగుసుకునేవి. చూపు నేల మీదికి పోయేది. చార్టు అలాగే ఖాళీగా ఉండిపోయింది. కొన్నాళ్ళకి పాపే ఆ స్టిక్కర్లు తీసి తన బొమ్మలకి అంటించుకుంది.

డిసెంబరులో, మేం ఇక్కడ చేరిన తెలుగు చర్చిలో పిల్లల క్రిస్మస్ కార్యక్రమం వచ్చింది. బైబిల్ వాక్యం కంఠతా చెప్పేవాళ్ళ జాబితాలో ఆయన పాప పేరు రాయించారు. నేను వద్దన్నాను. "మనవాళ్ళేగా, తెలిసినవాళ్ళేగా. ఒక్కసారి స్టేజ్ ఎక్కిందంటే భయం పోతుంది" అన్నారు. ఇంట్లో పాప ఆ వాక్యాన్ని వంటింట్లో, సోఫా మీద, స్నానాల తొట్టిలో, ఎక్కడ అడిగితే అక్కడ గడగడా చెప్పేది.

స్టేజ్ మీద మైక్ ముందు నిలబడింది. ఎర్ర గౌను, ఆయన వేసిన రెండు జడలు. చెప్పలేదు. ఆయన కింద ముందు వరసలో నిలబడి మొదటి మాట అందించారు. చెప్పలేదు. సగం వాక్యం అందించారు. జనం "చెప్పమ్మా, చెప్పు తల్లీ" అన్నారు. ఆయన ఇంకాస్త గట్టిగా, తనకి తెలియకుండానే, మొత్తం వాక్యం చివరిదాకా చెప్పేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నేను చూసింది పాప కాళ్ళ దగ్గర కార్పెట్ తడవడం. ఆయన కూడా చూశారు. రెండంగల్లో పైకెక్కి, తన కోటు విప్పి పాప నడుముకి చుట్టి, ఎత్తుకుని పక్క తలుపులోంచి బయటికి తీసుకెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి బట్టలు మార్చాక పాప మామూలుగానే ఉంది. అన్నం తింటూ అంది, "డాడీ, నువ్వే చెప్పేశావ్ కదా. మళ్ళీ నేను ఎందుకు చెప్పాలి?"

అది నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

జనవరిలో స్కూల్ వాళ్ళే ఒక స్పీచ్ థెరపిస్ట్‌ని చూపించారు. చిన్న వయసు అమ్మాయి. పాపది మొండితనం కాదనీ, కొన్నిచోట్ల, కొందరి ముందు భయంతో దానికి గొంతు మూసుకుపోతుందనీ, మాట్లాడాలని ఉన్నా మాట రాదనీ చెప్పింది. బతిమాలినా, లంచమిచ్చినా, కోప్పడినా ఆ గొంతు ఇంకా బిగుసుకుంటుందట. మేం చేయాల్సినవి చాలా మామూలుగా ఉన్నాయి. ప్రశ్నలు తగ్గించాలి. ఎవరైనా అడిగితే పాప తరఫున జవాబు చెప్పకూడదు. అయిదు సెకన్లు ఆగాలి.

"అయిదు సెకన్లేనా?" అన్నారు మా ఆయన.

ఆ అమ్మాయి నవ్వి, పాప ముందు రెండు పెన్సిళ్ళు పెట్టింది. "నీకు నీలం ఇష్టమా, ఎరుపు ఇష్టమా?" అని అడిగింది.

"నీలం" అన్నారు మా ఆయన.

"రెండు సెకన్లు" అంది థెరపిస్ట్. ఆయన తన నోరే తనని మోసం చేసినట్టు తెల్లబోయి చూశారు. పాప మాత్రం నవ్వింది. శబ్దం లేకుండా.

అప్పట్నుంచి నాకు కుతూహలం పట్టుకుంది. ఆయనకి తెలియకుండా సమయం చూడటం మొదలుపెట్టాను. ఇండియన్ స్టోర్‌లో కౌంటర్ దగ్గర ఆవిడ పాపని పలకరిస్తే నేను మనసులో అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఒకటి, రెండు. మూడు అనేలోపు ఆయన మాట వచ్చేసేది. తెలివైన మనిషి, పాప కోసం ప్రాణం పెట్టే మనిషి, అయిదు సెకన్లు ఎందుకు ఆగలేకపోతున్నారు? అలవాటు అనుకున్నాను. కానీ అలవాటయితే చెమట పట్టదు. ఆయనకి నుదుటి మీద చెమట పట్టేది.

జవాబు భీమవరం నుంచి వచ్చింది. ఒక శనివారం పొద్దున మా అత్తయ్య వీడియో కాల్ చేశారు. ఆయన వంటింట్లో దోసెలు వేస్తున్నారు. పాప సంగతి విని అత్తయ్య, "ఓస్, అదా! దాని బాబు మాత్రం తక్కువా? మూడో తరగతిదాకా బళ్ళో నోరు విప్పితే ఒట్టు. మూగపిల్లాడేమోనని మాస్టారు మీ మావయ్యగారిని పిలిపించి మరీ అడిగారు. ఇంటికొస్తే మాత్రం నా బుర్ర తినేసేవాడు" అన్నారు.

నేను ఫోన్ దగ్గరికి తీసుకున్నాను. "మరి ఎలా మాట్లాడారు అత్తయ్యా?"

"ఏమోనమ్మా. ఒకరోజు మొదలెట్టాడు. ఇదిగో, ఇప్పటిదాకా ఆపలేదు."

ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళాను. పెనం మీద దోసె మాడుతోంది. ఆయన అట్లకాడ పట్టుకుని నిలబడి ఉన్నారు. "గుర్తుందా మీకు?" అని అడిగాను.

ఆయన స్టవ్ ఆపారు.

"గుర్తుంది. ఎవరైనా అడిగితే ఇక్కడ పట్టేసేది" అని గొంతు ముట్టుకుని చూపించారు. "అడక్కముందే నేనే మొదలుపెడితే ఆ ప్రాబ్లెమ్ ఉండదని ఎప్పుడో కనిపెట్టాను. మనమే వాగుతూ ఉంటే ఇంక మనల్ని ఎవరూ ఏమీ అడగరు కదా. ఇప్పుడు పాపని ఎవరైనా అడిగితే, నన్నే అడిగినట్టు ఉంటుంది. ఊపిరాడదు. అందుకే గబుక్కున చెప్పేస్తాను. హెల్ప్ చేస్తున్నాననే అనుకున్నా."

పెళ్ళయి పదేళ్ళయింది. లిఫ్ట్‌లో కబుర్లు, పావుగంట ప్రకటనలు, వాటన్నిటి కింద ఒక మాట్లాడలేని పిల్లవాడు ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన మాట్లాడుతుంటే విసుక్కున్న సందర్భాలు కొన్ని గుర్తొచ్చాయి. మాడిన దోసె తీసి నేనే తిన్నాను.

ఆ తర్వాత వారం థెరపిస్ట్ ఒక పద్ధతి చెప్పింది. స్కూలు మొదలవడానికి ముందు రోజూ ఇరవై నిమిషాలు, ఖాళీ క్లాస్‌రూమ్‌లో పాపా, ఇంట్లో మనిషీ ఇద్దరే ఆడుకోవాలి. పాప అక్కడ మాట్లాడటం అలవాటయ్యాక టీచర్ మొదట గుమ్మం దాకా, తర్వాత గది చివరికి, తర్వాత కాస్త దగ్గరికి రావాలి. తొందరపడకూడదు. మా ఆయన నేనే వెళ్తానన్నారు. ఆఫీసులో పొద్దున టీమ్ మీటింగ్ ఉండేది. ఏదో పర్సనల్ పని అని తప్పించుకోకుండా, "మా అమ్మాయికి స్కూల్లో మాట్లాడటం కష్టంగా ఉంది, నేను రోజూ తనతో కూర్చోవాలి" అని మేనేజర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి, మీటింగ్ వెనక్కి జరిపించుకున్నారు.

"ఇవాళ ఏమైంది?" అని రోజూ అడిగేదాన్ని.

"ఏం లేదు. ఆడుకున్నాం."

అంతే. ఏ చిన్న సంగతైనా గంటసేపు చెప్పే మనిషి ఇలా పొడిపొడిగా చెబుతుంటే నాకు నిద్రపట్టేది కాదు. ఫిబ్రవరిలో ఒకరోజు ల్యాబ్‌కి ఆలస్యంగా వస్తానని చెప్పి, పాప మరిచిపోయిన లంచ్ బాక్స్ ఇచ్చే వంకతో స్కూల్‌కి వెళ్ళాను. బాక్స్ నేనే బ్యాగ్‌లోంచి తీసేశాను, అది వేరే సంగతి.

తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. ఆరడుగుల మనిషి కిండర్‌గార్టెన్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ముందు చెక్క దిమ్మలు. ఒక్క ప్రశ్న లేదు. తనలో తను అనుకుంటున్నట్టు "ఇది ఇక్కడ పెడతాను... ఊఁ, పడిపోయేలా ఉంది" అంటున్నారు. టీచర్ గది అవతల అలమర దగ్గర కాగితాలు సర్దుతోంది. పాప వంగి ఆయన చెవిలో ఏదో చెప్పింది. మునుపటి మనిషయితే "చూడండి టీచర్, ఏమందో!" అని గట్టిగా చెప్పేసేవారు. ఆయన చెయ్యి తన నోటి మీదికి వెళ్ళింది. మాట్లాడకుండా నోరు నిజంగానే చేత్తో మూసుకున్నారు. తల మాత్రం ఊపారు. పాప ఇంకో దిమ్మ పెట్టింది.

నేను లోపలికి వెళ్ళలేదు. లంచ్ బాక్స్ స్కూల్ ఆఫీసులో ఇచ్చేసి వచ్చేశాను.

అది తిన్నగా సాగిన దారేమీ కాదు. మంచు గడ్డకట్టి వారం రోజులు స్కూళ్ళు మూశారు. తిరిగి వెళ్ళేసరికి టీచర్ గుమ్మంలో నిలబడినా పాప బిగుసుకుపోయింది. మళ్ళీ మొదటికి వచ్చాం. ఒకరోజు లైబ్రరీలో ఎవరో అడిగితే ఆయనే జవాబు చెప్పేసి, ఇంటికొచ్చి తనే ఒప్పుకున్నారు, "ఇవాళ నోరు జారాను" అని. నేను ఏమీ అనకముందే పాప అంది, "ఇట్స్ ఓకే డాడీ, రేపు ట్రై చెయ్యి."

నాకు బాగా గుర్తున్నది చర్చిలో ఒక ఆదివారం. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, కొత్తగా ఊరికొచ్చిన ఒక పెద్దాయన పాప ముందు వంగి, "పాపా, నీ పేరేంటి?" అన్నారు. మా ఆయన పక్కనే ఉన్నారు, చేతిలో పేపర్ ప్లేట్. నేను లెక్కపెట్టాను. మూడు దాటింది. అయిదు దాటింది. పెద్దాయన తలెత్తి, "ఏం బ్రదర్, పాపకి మాటలు రావా?" అన్నారు. చుట్టుపక్కల నలుగురు ఇటు తిరిగారు. క్రిస్మస్ నాటి సంగతి వాళ్ళకి తెలుసు.

"వస్తాయండీ, బాగా వస్తాయి. కొంచెం ఆగాలంతే" అన్నారు మా ఆయన.

ఆగారు. ఆ పెద్దాయనా ఏం చేయాలో తెలియక ఆగారు. పాప చెప్పలేదు. కానీ ఆయన మోకాలి వెనక్కి పోలేదు, పక్కనే నిలబడింది. కాసేపటికి మా ఆయన చిరునవ్వుతో "ఇంకోసారి అడుగుదురు గాని అంకుల్, రండి, భోంచేద్దాం" అన్నారు. నలుగురి ముందు అంత నిశ్శబ్దాన్ని మోసిన మనిషి నుదుటి మీద ఆ రోజు చెమట లేదు.

ఏప్రిల్‌కి పాపా, ఆయనా ఆడుకునే బల్ల దగ్గరే టీచర్ కూర్చునేదాకా వచ్చింది. ముగ్గురూ కలిసి బోర్డ్ గేమ్ ఆడేవారు. పాప ఆయనతో మామూలు గొంతుతో మాట్లాడేది, టీచర్ వింటున్నా సరే. టీచర్‌తో మాత్రం కాదు. ఒక గురువారం ల్యాబ్‌లో ఉండగా ఆయన ఫోన్ చేశారు. ఎత్తితే అవతల్నుంచి ఏమీ వినిపించలేదు. కారులో ఏసీ శబ్దం.

"ఏమైందండీ? పాప బాగానే ఉందా?"

"మాట్లాడింది."

"ఎవరితో?"

"టీచర్‌తో. టీచర్ మర్చిపోయి వరసగా రెండుసార్లు డైస్ వేసింది. 'ఇట్స్ మై టర్న్' అంది పాప."

నేను గ్లవ్స్ చేతులతోనే కళ్ళు తుడుచుకోబోయి ఆగాను. "తర్వాత? టీచర్ ఏమంది?"

"'ఓ, యు ఆర్ రైట్' అని డైస్ ఇచ్చేసింది. ఏమీ జరగనట్టే ఆడింది. చాలా మంచావిడ."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఎంత గర్వం ఉందంటే, అంత గర్వంగా ఆయన ఇంకేదీ చెప్పగా నేను వినలేదు. పార్కింగ్ లాట్‌లో ఆయన ఏడుస్తున్నారని నాకు తెలుసు. అడగలేదు.

ఒక్క మాటతో అంతా చక్కబడలేదు. వేసవి సెలవులకి ముందు ఇద్దరు పిల్లలతో గుసగుసగా మాట్లాడింది. ఫస్ట్ గ్రేడ్‌లో కొత్త టీచర్‌తో మళ్ళీ కొంత కష్టపడింది, కానీ ఈసారి నెల చాలింది. మరుసటి క్రిస్మస్‌కి పేర్లు రాసే కాగితం వచ్చినప్పుడు ఆయన దాన్ని పాప ముందు పెట్టారు. పాప చాలాసేపు చదివి, గొర్రెపిల్ల వేషానికి టిక్ పెట్టింది. గొర్రెపిల్లకి మాటల్లేవు. ఆయన నెల ముందు నుంచే దూది అంటించడం మొదలుపెట్టారు. ఆ రోజు పాప స్టేజ్ మీద నాలుగు కాళ్ళతో హాయిగా తిరిగింది. ఆయన కింద కూర్చుని చూశారు.

ఇక్కడి చర్చిలోనూ ప్రకటనలు ఆయనే చదువుతారు, ఇప్పటికీ పావుగంట పడుతుంది. మా ఆయన మారలేదని ఎవరైనా అంటే కాదనలేను. కానీ నేను దగ్గరగా చూశాను. పాప మాట వెతుక్కునేటప్పుడు ఆయన మొహంలో ఆ పాత కంగారు పోయి, ఒక రకమైన ఆసక్తి వచ్చింది. ఇది ఏం చెబుతుందో నాకు తెలియదు, వినాలి, అన్నట్టు ఉంటుంది ఆ చూపు. పిల్ల మనసులో ఏముందో తనకి ముందే తెలుసనుకున్న మనిషి, తెలియదని ఒప్పుకున్నారు. నేను ఏడాదంతా వెతికింది బహుశా అదే. బహుశా అనే అంటాను, ఆయన్ని అడిగితే "అబ్బే, అంత లేదు" అంటారు.

పాప ఇప్పుడు సెకండ్ గ్రేడ్. పోయిన నెల టీచర్‌ని కలవడానికి, పాపని బయట కూర్చోబెట్టి, ఇద్దరం లోపలికి వెళ్ళాం. చదువు బాగుందట, లెక్కలు బాగున్నాయట. "ఒక్కటే కంప్లైంట్" అంది టీచర్. "పక్క అమ్మాయితో క్లాసులో తెగ మాట్లాడుతోంది. ఇద్దరి సీట్లూ మార్చాల్సి వచ్చింది."

మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. టీచర్‌కి పాత సంగతులు తెలియవు. మేం అంత సంతోషంగా ఎందుకు క్షమాపణ చెబుతున్నామో ఆవిడకి అర్థమై ఉండదు.

"ఏం మాట్లాడుతుందండీ?" అని మా ఆయన ఆత్రంగా అడిగారు.

"అది నాకూ తెలియదు" అంది టీచర్.

ఇంటికెళ్ళే దారిలో, సిగ్నల్ దగ్గర, వెనక సీట్లో కూర్చున్న పాపని నేనే అడిగాను, ఏమిటే అన్ని కబుర్లు అని. అద్దంలో చూశాను. పాప కిటికీలోంచి చూస్తూ ఆలోచించింది. మా ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి వింటున్నారు.

"అది మా ఇద్దరి సీక్రెట్ డాడీ" అంది. అడిగింది నేనయితే, జవాబు ఆయనకి చెప్పింది.

"సరే తల్లీ" అన్నారు ఆయన. గ్రీన్ పడింది.